సవరణ: పిల్లికి ఆపరేషన్ ఏ వయసులో?

ఆడ పిల్లికి ఒక్క ఈతైనా అయ్యాకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని మొన్న రాశాను. అది తప్పు. పశువైద్యుల మార్గదర్శకాలు చదివాక తెలిసింది, ఒకసారి ఈనడం వల్ల పిల్లి ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు. కొన్ని పిల్లులు 4 నెలలకే ఎదకు వస్తాయి. అందుకే 5 నెలలు నిండేలోపే చేయించమంటున్నారు. మొదటి ఎదకు ముందే చేయిస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా బాగా తగ్గుతుంది.

ఇంకో మాట. కూనలకు పాలిస్తోంది కదా, ఇప్పుడప్పుడే చూలు కట్టదులే అనుకోకండి. ఈనిన కొన్ని వారాలకే మళ్లీ కట్టగలదు, మోసేది సుమారు 9 వారాలే. మగ పిల్లికీ ఆపరేషన్ 5 నెలలు నిండేలోపే. నా మాట నమ్మి ఆగినవాళ్లు దయచేసి వెంటనే డాక్టర్‌ని కలవండి.