ప్రసవ గదిలో ఆసుపత్రి జీతం తీసుకోని మనిషి

డౌలాల (కాన్పు సమయంలో గర్భిణికి తోడుగా ఉండే, వైద్యం చేయని సహాయకురాళ్ల) వల్ల ఉపయోగం ఉందా లేదా అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది కానీ, ఆ ప్రశ్నకు సమాధానం దొరికి చాలా కాలమైంది. 17 దేశాల్లో 15,858 మంది మహిళలతో జరిగిన 26 అధ్యయనాలను క్రోడీకరించి కోక్రేన్ సంస్థ 2017లో వెలువరించిన సమీక్ష ప్రకారం, కాన్పు సాగినంతసేపూ ఒక మనిషి తోడున్నవారిలో సిజేరియన్లు తగ్గాయి, నొప్పులు పడే సమయం కొంత తగ్గింది, కాన్పును చేదు అనుభవంగా చెప్పుకున్నవారూ తగ్గారు. గర్భిణి తానుగా కోరుకున్న మనిషిని ప్రసవ సమయంలో తోడు ఉండనివ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. ఇక తేలవలసింది ఆ తోడు ఎవరి పక్షాన నిలబడాలన్నదే. డౌలా బలం ఆమె నేర్చుకున్న మెలకువల్లో కంటే ఆమె ఆసుపత్రి మనిషి కాకపోవడంలోనే ఎక్కువగా ఉందని నేను నమ్ముతున్నాను.

ఆమె చేసే పని చూడటానికి చాలా చిన్నది. ఆమె లోపలి పరీక్ష చేయదు, బిడ్డ గుండె చప్పుడు వినదు, మందు ఇవ్వదు, కాన్పు చేయదు. నెలలు నిండకముందే కుటుంబాన్ని కలిసి, గర్భిణికి ఏది ఇష్టమో, దేనికి భయపడుతోందో తెలుసుకుంటుంది. నొప్పులు ఊపందుకున్నాక వచ్చి, బిడ్డ తొలిసారి రొమ్ము పట్టేవరకూ దగ్గరే ఉంటుంది. నొప్పి వచ్చిన ప్రతిసారీ నడుము దిగువను అరచేత్తో గట్టిగా అదిమి పడుతుంది, పక్కకు తిప్పుతుంది, లేపి నడిపిస్తుంది, తానూ కలిసి నిదానంగా ఊపిరి వదులుతూ ఆ లయను ఆమెకు అందిస్తుంది. భర్త కంగారుపడితే అతని చోటును తాను ఆక్రమించకుండా, ఎక్కడ పట్టుకోవాలో, ఎప్పుడు మౌనంగా ఉండాలో అతనికి చూపిస్తుంది. వైద్యుడు హడావుడిగా చెప్పి వెళ్లిన మాటను విడమరిచి చెప్పి, ఇంకా ఏమైనా అడగాలనుందా అని గర్భిణినే అడుగుతుంది. ఇదంతా ఒట్టి ఓదార్పు అనుకునేవారు ఒక విషయం గమనించాలి: భయం పెరిగితే శరీరంలో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరిగి గర్భాశయ సంకోచాలు మందగించవచ్చు, నొప్పి కూడా మరింత తీవ్రంగా తోస్తుంది.

నన్ను ఈ అభిప్రాయానికి తెచ్చినవి రెండు అధ్యయనాలు. 1991లో జాన్ కెనెల్, మార్షల్ క్లాస్ బృందం హ్యూస్టన్‌లో జరిపిన అధ్యయనంలో, తొలి కాన్పుకు వచ్చిన మహిళల్లో ఒక వర్గానికి డౌలా తోడుగా ఉంది. మరో వర్గం గదిలో ఒక పరిశీలకురాలు పలకరించకుండా దూరంగా కూర్చుని వివరాలు రాసుకుంది. మూడో వర్గానికి ఎవరూ లేరు. సిజేరియన్లు వరుసగా 8, 13, 18 శాతం. నోరు విప్పని మనిషి ఉన్న గదిలో కూడా, ఎవరూ లేని గది కంటే కోతలు తగ్గాయన్నమాట! రెండోది 2002లో ఎలెన్ హాడ్‌నెట్ బృందం ప్రచురించినది. అమెరికా, కెనడాల్లోని 13 ఆసుపత్రుల్లో దాదాపు 7 వేల మంది మహిళలను తీసుకుని, సగం మందికి శిక్షణ పొందిన నర్సులను కాన్పు పొడవునా తోడుగా ఉంచితే, సిజేరియన్లు ఆ తోడున్నవారిలో 12.5 శాతం, మిగతావారిలో 12.6 శాతం. ఆ నర్సులకు నేర్పు లేదనో, దయ లేదనో ఎవరూ అనలేరు. కానీ ఆసుపత్రి పద్ధతులే వాళ్ల ఉద్యోగం, వాటి ఒరవడిలోనే వాళ్లూ నడవాలి. సిజేరియన్లు తగ్గించడంలో డౌలా పాత్రలో ఉన్నవారి తోడే ఎక్కువ ఫలితం చూపినట్టుందని 2017 సమీక్ష చెప్పడం ఈ వాదననే బలపరుస్తోంది.

డౌలాలకు అన్నిచోట్లా ఒకే రకమైన శిక్షణ లేదని, కొందరు హద్దు దాటి వైద్య నిర్ణయాల్లో తలదూరుస్తారని, ఆధారాల బలం కూడా ఒక మోస్తరేనని వైద్యులు అంటారు. అందులో నిజం ఉంది. అయితే దానికి విరుగుడు స్పష్టమైన హద్దులు రాసుకోవడం, దాటినవారిని తప్పించడం. గది తలుపు మూసేయడం మాత్రం కాదు.

ఇదే కొలబద్దను యంత్రాలకు ఎందుకు పెట్టరు? బిడ్డ గుండె చప్పుడును ఎడతెగకుండా నమోదు చేసే యంత్రాన్ని అప్పుడప్పుడు చెవితో వినే పద్ధతితో పోల్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, శిశువుల్లో మూర్ఛలు సగానికి తగ్గాయి. కానీ మరణాలు గానీ సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల కదలికలు అదుపు తప్పే స్థితి) గానీ తగ్గినట్టు కనిపించలేదు, సిజేరియన్లు మాత్రం పెరిగాయి. అయినా దాని ఖర్చును ఎవరూ ప్రశ్నించరు, ఎందుకంటే అది కాగితం మీద గీత గీస్తుంది, రేపు కోర్టులో చూపించడానికి పనికొస్తుంది. నడుము పట్టిన చేతికి అలాంటి రికార్డు ఏదీ మిగలదు. ఆడవాళ్లు తరతరాలుగా డబ్బు లేకుండా చేసిన పని కనుక దానికి విలువ కట్టడం మన వ్యవస్థలకు ఈనాటికీ చేతకావడం లేదు. ముసలివాళ్ల దగ్గర కూర్చోవడం నుంచి రోగికి అన్నం తినిపించడం వరకూ సేవ అన్న ప్రతిదానికీ ఇదే గతి పట్టింది.

అందుకే డబ్బు సంగతి ముందు తేలాలి. సొంత ఖర్చుతో పెట్టుకోవలసినంత కాలం డౌలా డబ్బున్నవారి సౌకర్యంగానే ఉండిపోతుంది. అమెరికాలో మిన్నెసోటా 2014 నుంచి, కాలిఫోర్నియా 2023 నుంచి పేదల ఆరోగ్య బీమా కింద ఈ సేవకు చెల్లిస్తున్నాయి. అది సరైన దారే, ఒక్క షరతు మీద: చెల్లింపు ప్రజాధనం నుంచి రావచ్చు గానీ డౌలా పేరు ఆసుపత్రి జీతాల పట్టీలోకి చేరకూడదు. ఆమెను ఎంచుకునేదీ, నచ్చకపోతే మార్చుకునేదీ గర్భిణే కావాలి.