‘అన్నీ కలిపి’ కొట్టమన్న చీటీ గారికి

మహారాజశ్రీ పురుగుమందుల దుకాణపు చీటీ గారి దివ్య సముఖానికి, నూజివీడు దాపున నాలుగెకరాల మామిడితోట గల రైతు నమస్కరించి రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గాని, మన ఇద్దరిలో కుశలంగా ఉన్నది తమరొక్కరే. తమరు నా చొక్కా జేబులో మడత నలగకుండా ఉన్నారు. తోటలో పూత మాత్రం మాడిపోయి, చీపురుపుల్లల్లా కొమ్మలకు వేలాడుతోంది.

తమరు పాత క్యాలెండరు కాగితం వెనుక అవతరించిన రోజున, నేను పురుగు పట్టిన పూతకొమ్మ ఒకటి కోసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, పన్నెండు కిలోమీటర్లు తెచ్చాను. సంచి నిండా పూత రసం పీల్చే తేనెమంచు పురుగులు. ఆకుల మీద బంక, బంక మీద నల్లటి మసి. దాన్ని బల్ల మీద పెడితే, తూకపు యంత్రానికి అడ్డంగా ఉందని కింద పెట్టించారు. “మామిడేనా? పూత మీదుందా?” అన్న రెండు ప్రశ్నలకు నేను తల ఊపడం పూర్తికాకముందే, కొమ్ములన్నీ కొడవళ్లలా వంగిన చేతిరాతతో తమరు తయారయ్యారు. నాలుగు డబ్బాల పేర్లు, వాటి ఎదుట అంకెలు, కింద ఒక గీత, గీత కింద రెండే రెండు మాటలు: “అన్నీ కలిపి”.

ఎకరాల లెక్క అడగలేదు, చెట్ల వయసు అడగలేదు, ఇంతకు ముందు ఏం కొట్టావని అడగలేదు. పశువుల డాక్టరైనా గేదె దగ్గరకు వచ్చి దాని చెవి పట్టుకుని చూస్తాడు.

ఆ రెండు మాటల మహిమ నాకు ఆలస్యంగా తెలిసింది. మందు కొట్టిన ఐదో రోజున కూడా కొమ్మ కదిపితే పురుగు చిటపటలాడుతూ లేస్తుంటే, ఖాళీ డబ్బాలను ఇంటికి తెచ్చి మా అమ్మాయి చేత చదివించాను. మొదటి డబ్బాలో ఉన్నది ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం. వేరే కంపెనీ పేరుతో, వేరే రంగు మూతతో, మరో డెబ్బై రూపాయలు ఎక్కువ పెట్టి కొన్న రెండో డబ్బాలో ఉన్నది కూడా ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతమే. లీటరు నీటికి 0.3 మిల్లీలీటర్లు చాలునని చెప్పే ఆ మందు రెండు వందల లీటర్ల డ్రమ్ముకు 60 మిల్లీలీటర్లు సరిపోతుంది. తమరు ఒక్కొక్క డబ్బా నుంచి 100 చొప్పున పోయమన్నారు. అంటే మందును దానిలోనే కలిపి, మూడింతలకు పైగా కొట్టించారన్నమాట. మూడోది గంధకం. నాలుగోది “బలం మందు”. అందులో ఏముందో డబ్బా కూడా చెప్పలేదు, దాని మీద నవ్వుతున్న రైతు బొమ్మ మాత్రం ఉంది. ఆ రైతు ఎవరో గాని, మామిడి రైతు మాత్రం కాడు.

తప్పు నాది కూడా ఉంది, ఒప్పుకుంటాను. తేనెమంచు పురుగును పట్టుకోవలసింది అది బెరడు పగుళ్లలో దాగి ఉండి, పూమొగ్గ అప్పుడప్పుడే కనబడే వేళ. చెట్టు మొదలు, కొమ్మల బెరడు తడిసేలా మందు కొట్టవలసిందీ అప్పుడే. ఆ వేళకు నా చేతిలో డబ్బు లేదు. డబ్బు లేదు కాబట్టే అరువిచ్చే దుకాణానికి వచ్చాను, తమరి పాల పడ్డాను. కానీ పూత పూర్తిగా విచ్చిన తోటలో పురుగుమందు కొట్టకూడదని పుస్తకం చదవని మా నాన్నకు కూడా తెలుసు. మామిడి పూతకు పుప్పొడి మోసేది చాలా వరకు ఈగలు, వాటికి తోడు తేనెటీగలు. వంటింట్లో మనం గుడ్డతో కొట్టి తరిమే ఈగే తోటలో కాయను నిలబెడుతుంది. పూసిన పూలలో నూటికి ఒకటి కూడా పండు దాకా రాదు. ఆ ఒక్కటి రావడానికి పని చేసే కూలీలను, పైసా కూలి అడగని కూలీలను, తమరు ఒక్క పూటలో చంపించారు. ఇప్పుడు తోటలోకి వెళితే చెవికి ఏమీ వినబడదు. పూత వేళ అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ ఎరుగను.

మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2014 మేలో ఐరోపా సమాఖ్య మన దేశపు మామిడిని రానివ్వనన్నది కాయలో గుడ్లు పెట్టి పాడుచేసే పండు ఈగ కారణంగానే. అయినా ఆ ఈగను రప్పించి పట్టే మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు అడిగితే “అవెవరూ అడగరండీ” అన్నారు దుకాణంలో. ఆ సంగతి ఇక వదిలేస్తాను. ఎర కట్టడానికి ముందు కాయ ఉండాలి.

నిన్న మధ్యాహ్నం మాడిన పూత పట్టుకుని మళ్లీ వచ్చాను. రెండు గంటలు ఎరువు బస్తాల మీద కూర్చోబెట్టి, ఎండ వేళ కొట్టి ఉంటారన్నారు, ఇంకేదో కలిపి ఉంటారన్నారు. ఫిర్యాదు చేస్తానంటే బిల్లు ఉందా అన్నారు. పురుగుమందు బిల్లు ఇచ్చే అమ్మాలని నియమం ఉంది; నా దగ్గర ఉన్నది నువ్వు. తీసి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, “ఈ రాత మాది కాదండీ” అన్నారు.

విన్నావా? నిన్ను కన్నవాళ్లే ‘నిన్ను ఎరగం’ అన్నారు. తేదీ లేదు, సంతకం లేదు, దుకాణం పేరు లేదు, పురుగు పేరు లేదు. ఇన్ని లేకుండా నాలుగెకరాల కాపును మింగిన నిన్ను అక్కడే చించి పారేద్దామనుకున్నాను.

అంతలో బాకీ సంగతి తేల్చమని ఖాతా పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. నాలుగు డబ్బాలు, విడివిడిగా ధరలు, తేదీ, నెలకు రెండు రూపాయల వడ్డీ, అన్నీ ఉన్నాయి. కొమ్ములన్నీ కొడవళ్లలా వంగి ఉన్నాయి. నిన్ను మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇట్లు,
ఖాతా పుస్తకం 46వ పేజీ