‘పరిశీలనలో ఉంది’ గారికి తిరుచానూరు నుంచి ఒక అర్జీ

శ్రీయుత ‘పరిశీలనలో ఉంది’ గారి దివ్యసముఖమునకు,

తిరుచానూరు కాపురస్తుడు, ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరైనవాడు, చేతులు కట్టుకుని రాసుకునే అర్జీ.

విషయం: తమరి దీర్ఘాయుష్షు గురించి.
సూచిక: తమరి గత జవాబులన్నీ.

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. తలచడమేంది, కళ్లారా చూస్తూనే ఉన్నాను. పార్లమెంటు జరిగే రోజుల్లో పదకొండు కొట్టేసరికి మా ఇంట్లో సంసద్ టీవీ మోగాల్సిందే. స్పీకర్ వస్తున్నారని అక్కడ మార్షల్ కేక వేస్తాడు, ఇక్కడ మా ఆవిడ సంగటికి ఎసరు పెడుతుంది. సంగటి కెలికి దించేలోపల సభ వాయిదా పడుతుంది. కుక్కర్ విజిల్ కన్నా ఆమెకు అదే నమ్మకమైన లెక్క. ఎప్పుడైనా సభ సజావుగా నడిచిందా, ఆ పూట మా ఇంట్లో సంగటి అడుగంటుతుంది.

ఈ పిచ్చి నాకు మా నాయన నుంచి వచ్చింది. మాడభూషి అనంతశయనం అయ్యంగారు మా ఊరివారే. 1891లో ఈ తిరుచానూరులోనే పుట్టి, కొన్నాళ్లు లెక్కల మాష్టారుగా, తరవాత లాయరుగా చేసి, 1952లో తిరుపతి నుంచి మొదటి లోక్‌సభకు పోయారు. అక్కడ డిప్యూటీ స్పీకరయ్యారు. 1956లో మొదటి స్పీకర్ మావలంకర్ గారు పోయాక స్పీకర్ కుర్చీ ఎక్కారు. అందుకని మా నాయనకు ఢిల్లీలో సభ అంటే మా వీధిలో పంచాయితీ లెక్క. "అది మనోళ్ల కుర్చీరా" అనేవాడు. ఆయన రేడియోకు చెవి ఆనించి విన్నాడు, నేను టీవీకి కళ్లప్పగించి చూస్తున్నాను. ఇద్దరికీ చివరికి జవాబుగా దొరికింది తమరే.

ఇక అసలు సంగతికి వస్తాను. లోక్‌సభలో మొదటి గంట ప్రశ్నలది. ప్రశ్న అంటే లేచి నిలబడి అడిగేయడం కాదు. కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసులన్నీ పోగేసి బ్యాలట్ తీస్తారు. తిరుపతి వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు, ఆర్జిత సేవలకు మనకు లక్కీ డిప్ ఉంది కదా, అచ్చం అదే. డిప్‌లో పేరు తగిలితే ప్రశ్నకు నక్షత్రం. మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాల్సిన ఈ నక్షత్రం ప్రశ్నలు రోజుకు 20. నక్షత్రం లేనివి 230, వాటికి కాగితం మీదే జవాబు. రాజ్యసభలో ఈ లెక్కలు 15, 160. అక్కడ గొడవలకు తట్టుకోలేక 2014లో ప్రశ్నల గంటను పదకొండు నుంచి పన్నెండుకు జరిపారు. గొడవ కూడా తన టైము జరుపుకుంది.

20 ప్రశ్నలకు టోకెన్ దొరికినా దర్శనం ఏ అయిదారుకో. గంట అయిపోతుంది. మిగతావాటికి రాతపూర్వకంగా జవాబిచ్చేశాం, చూసుకోండి అంటారు. టైమ్ స్లాట్ టోకెన్ పట్టుకుని కంపార్ట్‌మెంట్లో కూర్చున్నవాడికి గేటు తీయకుండా ప్రసాదం కవరు చేతిలో పెట్టి ఇంటికి పంపినట్టు. మా కొండ మీద కంపార్ట్‌మెంట్లో కనీసం పాలు ఇస్తారు, ఉప్మా ఇస్తారు. చివరికి "జరగండి, జరగండి" అని నెట్టేసినా, ఆ నెట్టే లోపల ఒక్క క్షణం స్వామి కనపడతాడు. తమరి కంపార్ట్‌మెంట్లో ఎన్నేళ్లు కూర్చున్నా ఎవరూ కనపడరు.

ఆ అయిదారులో ఒకటి పిలుపుకు వచ్చిందనుకుందాం. మంత్రిగారు లేచి, కళ్లద్దాలు సర్దుకుని, కాగితం తీస్తారు. అప్పుడు తమరు ప్రవేశిస్తారు. మాటవరసకు ఒక వంతెన గురించి అడిగారనుకోండి. (ఎ) ఫలానా చోట వంతెన కట్టే ఆలోచన ఉందా? (బి) ఉంటే ఎప్పటికి? (సి) లేకుంటే కారణమేమి? జవాబు: (ఎ) పరిశీలనలో ఉంది. (బి), (సి) ప్రశ్న ఉత్పన్నం కాదు. ఈ ‘ఉత్పన్నం కాదు’ తమరి తమ్ముడని విన్నాను, పోలికలు బాగా ఉన్నాయి. ఎంత దర్జా! సభ్యుడి నోట్లో పుట్టి, నోటీసుగా మారి, డిప్‌లో నెగ్గి, అచ్చయి, అందరి చేతుల్లోకీ వచ్చిన ప్రశ్న ఎదురుగా నిలబడి ఉంటే, నువ్వు పుట్టనేలేదు పొమ్మంటాడు. తమరి అన్నగారు ఇంకా పెద్దమనిషి. ‘సమాచారం సేకరిస్తున్నాం, అందగానే సభ సమక్షంలో ఉంచుతాం’ అని తలపాగా కట్టుకుని మరీ వస్తాడు. సేకరించడానికి పోయినవాడు ఏ బస్సెక్కాడో, ఎక్కడ దిగాడో.

సభ్యులు ఊరుకోరు, నిజమే. ప్లకార్డులు పట్టుకుంటారు, స్పీకర్ కుర్చీ ముందున్న వెల్‌లోకి దూకుతారు, "బైఠ్ జాయియే, బైఠ్ జాయియే" అని స్పీకర్ గొంతు పోగొట్టుకుంటారు. పన్నెండింటికి వాయిదా. పన్నెండింటికి మళ్లీ కూడి, కాగితాలు బల్ల మీద ఉంచే కార్యక్రమం. ఒక మంత్రి లేచి తన కాగితాలు, పక్కన లేని మంత్రి కాగితాలు, ఎక్కడున్నాడో తెలియని మంత్రి కాగితాలు, అన్నీ తానే ఉంచుతున్నానంటారు. కేకల మధ్య ఆ కార్యక్రమం మాత్రం ఎప్పుడూ ఆగింది లేదు. తరవాత రెండింటికి వాయిదా. రెండింటికి ఒక బిల్లు వస్తుంది, మూజువాణి ఓటుతో పోతుంది. ‘అవును’ అన్నవాళ్లు ఎక్కువా, ‘కాదు’ అన్నవాళ్లు ఎక్కువా అని చెవితో తేల్చే పద్ధతి అది. ఆ హోరులో ఎవరు అవునన్నారో కనిపెట్టడానికి ఏ చెవి కావాలో నాకు తెలియదు, మా ఊరి సంత బేరగాళ్లు ఉన్నా తేల్చలేరు. తరవాత మర్నాడు పదకొండుకు వాయిదా. సభ కూడాలంటే మొత్తంలో పదోవంతు, లోక్‌సభకైతే 55 మంది ఉండాలని రాజ్యాంగం రాసింది. తమరికి ఆ బాధ లేదు. ఒక్కరూ లేకపోయినా తమరు నడుస్తారు.

అయితే తమరిని పట్టుకోవడానికి ఒక పోలీస్ స్టేషన్ ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. 1953లో లోక్‌సభ ఒక కమిటీ వేసింది, ప్రభుత్వ హామీల కమిటీ అని. అప్పటి డిప్యూటీ స్పీకర్ మా అయ్యంగారే, అందుకే మా నాయనకు ఈ కమిటీ అంటే మనవడి మీద ఉన్నంత మురిపెం. మంత్రులు సభలో అన్న మాటల్లోంచి హామీలను ఏరి, అవి జరిగాయా లేదా అని అడగడం దాని పని. ఏ మాటను హామీ కింద లెక్కించాలో ఒక జాబితా కూడా ఉంది. నేను ఆ జాబితా గురించి చదివిన రోజు పడీపడీ నవ్వాను. ‘విషయం పరిశీలనలో ఉంది’ హామీయే. ‘చూస్తాను’ అన్నా హామీయే. ‘విచారిస్తున్నాం’, ‘సభ్యుడికి తెలియజేస్తాను’, ‘రాష్ట్ర ప్రభుత్వానికి రాస్తాను’, అన్నీ హామీలే. దేశంలో ఇంత నమ్మకస్తులు ఇంకెవరైనా ఉన్నారా? "చూద్దాంలే" అన్న మాటను ఒట్టు కింద రాసుకునే ఆఫీసు అది ఒక్కటే.

నా ఖర్మ కొద్దీ ఈ సంగతి మా ఆవిడకు చెప్పాను. పెరట్లో కొళాయి కారుతోంది, చూస్తానని నేను సంక్రాంతికి అన్నానట. ఇప్పుడు అది హామీ కింద నమోదైంది. గడువు మూడు నెలలని కూడా ఆమెకు నేనే చెప్పాను.

అవును, సభలో ఇచ్చిన హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి. కుదరకపోతే గడువు పొడిగించమని అడగాలి. పొడిగించమని అడగడానికి గడువు ఉందేమో గానీ, పొడిగించినకొద్దీ తమరి ఆరోగ్యం బాగుపడుతుంది. మరీ పాతబడితే, ఈ హామీని వదిలేయండి సామీ అని శాఖవాళ్లే కమిటీ కాళ్లావేళ్లా పడొచ్చు. ఇంకో వింత వినండి. లోక్‌సభ రద్దయితే ఆ సభలో పెండింగులో ఉన్న బిల్లులు చచ్చిపోతాయి. పెండింగులో ఉన్న హామీలు మాత్రం చావవు, కొత్త సభ కాలంలోకి నడిచి వెళ్తాయి. సభ్యులు ఓడిపోతారు, మంత్రులు మారతారు, 2023లో సభ ఏకంగా పాత భవనం వదిలి కొత్త భవనానికి పోయింది. తమరు కుర్చీ కూడా మారకుండా కూర్చున్నారు. మార్కండేయుడికి పదహారేళ్లకే గండం వచ్చింది, తమరికి అదీ లేదు.

ఇప్పుడు నా గోడు. రామచంద్రాపురం వైపు మాకు ఎకరా చిల్లర తోతాపురి మామిడితోట ఉంది. పాసుపుస్తకంలో సర్వే నంబరు ఒక అంకె తప్పు పడింది. 7 ఉండాల్సిన చోట 1. గీత మీద ఒక చిన్న అడ్డగీత, అంతే. ఆ అడ్డగీత కోసం నేను అర్జీ పెట్టి చాలా ఏళ్లయింది. మధ్యలో 2022 ఏప్రిల్ 4న మా చిత్తూరు జిల్లా చీలింది. మేం తిరుపతి జిల్లాలో పడ్డాం. అర్జీ తిరుపతిలో ఉందట, దానికి ఆధారమైన పాత రికార్డు చిత్తూరులో ఉందట. చిత్తూరుకు పోతే కాగితం తిరుపతికి పంపేశామంటారు, తిరుపతికి వస్తే ఇంకా చేరలేదంటారు. ఆ కాగితం ఎక్కిన బస్సు చంద్రగిరి దగ్గర టీకి ఆగి ఉంటుంది. ఇదివరకు తమరు ఒక జిల్లాలో ఉండేవారు, ఇప్పుడు రెండు జిల్లాల్లో ఉన్నారు.

ఏ ఆఫీసు అని అడక్కండి, చెప్పను. చెప్పకపోవడానికి మర్యాద ఒక్కటే కారణం కాదు.

అయ్యా, తమరిని ముప్పై ఒక్క ఏళ్లు మోసినవాడిని నేను. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే మా సూపరింటెండెంటు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "అబ్బోడా, ‘కుదరదు’ అని రాయొద్దు, అపీలుకు పోతాడు. ‘మంజూరు’ అని రాయొద్దు, ఆడిట్‌లో నిన్ను పీకుతారు. ‘పరిశీలనలో ఉన్నది’ అని రాయి. దాని మీద అపీలూ లేదు, ఆడిటూ లేదు." గాయత్రి కూడా నేను అంత శ్రద్ధగా జపించలేదు. ఇన్‌వార్డు నంబరు వేసేవాణ్ణి, పర్సనల్ రిజిస్టర్లో ఎక్కించేవాణ్ణి, నోట్ ఫైల్లో తమరిని గుండ్రటి అక్షరాలతో రాసేవాణ్ణి. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అనేవాళ్లు.

పాకాల వైపు నుంచి ఒక ముసలాయన వచ్చేవాడు. పంచె, భుజాన తువ్వాలు, చేతిలో సంచి. సీజన్లో వస్తే సంచిలో సీతాఫలాలు. నా బల్ల మీద పెట్టి, నిలబడే అడిగేవాడు. ఒకసారి నేను మామూలుగా తమరి పేరు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఎవురు చూస్తా ఉండారు సామీ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఏంది?" అన్నాను.

"పరిశీలనలో ఉందంటిరి కదా. ఎవురు చూస్తా ఉండారు? ఆయప్ప యాడుంటాడో చెప్తే నేను పోయి కనపడి వస్తా."

స్కూల్లో వాక్యానికి కర్త, కర్మ, క్రియ అని చెప్పారు. తమరిలో క్రియ ఉంది. కర్మ ఎదురుగా సంచి పట్టుకుని నిలబడి ఉంది. కర్త కోసం నేను అటూ ఇటూ చూశాను. సూపరింటెండెంటు సెలవులో ఉన్నాడు. సెక్షన్ మొత్తం మీద ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. "మీరు ఇంటికి పోండి పెద్దాయనా, మేమే కబురు చేస్తాం" అన్నాను. నేను రిటైరయ్యేటప్పుడు అప్పగించిన పెండింగు జాబితాలో ఆయన ఫైలు కూడా ఉంది. సీతాఫలాలు బాగుండేవి.

పోయిన నెల మళ్లీ వెళ్లాను, అడ్డగీత కోసం. కొత్తగా చేరిన అమ్మాయి కూర్చుని ఉంది, ఇరవై నాలుగు, ఇరవై అయిదు ఉంటాయేమో. కంప్యూటర్లో నంబరు కొట్టి చూసి, ఎంతో మర్యాదగా తమరి పేరు చెప్పింది. స్క్రీన్ నాకేసి తిప్పి చూపించింది కూడా. ఆకుపచ్చ రంగులో మెరుస్తున్నారు తమరు. నా గుండ్రటి అక్షరాల కన్నా బాగున్నారు.

"ఎవరి పరిశీలనలో అమ్మా?" అన్నాను.

ఆమె అటూ ఇటూ చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. "మీరు ఇంటికి పోండి పెద్దాయనా, మెసేజ్ వస్తుంది" అంది.

నేను రిటైరైన అసిస్టెంటునని చెబుదామనుకుని, చెప్పలేదు. చేతిలో సంచి ఉంది. మా తోటలో మామిడితో పాటు గట్టు మీద రెండు సీతాఫలం చెట్లున్నాయి. సంచి ఆ అమ్మాయి బల్ల మీద ఉంచడమైనది.

ఇట్లు,
తమరి మాజీ ఉద్యోగి, ప్రస్తుత అర్జీదారు,
తిరుచానూరు.

జత: పాత రసీదు ఒకటి (అంకెలు చెరిగిపోయాయి).