మహారాజశ్రీ ఆదివారం గారికి

మహారాజశ్రీ ఆదివారం గారి దివ్యసముఖమునకు,

బెజవాడ నుంచి ఒక బ్యాంకు గుమాస్తా, ఇద్దరు పిల్లల తల్లి, ఒక ఇంటి కోడలు (ముగ్గురూ నేనే) రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. అలా రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను. మీరు కుశలమే అని తెలుసు, నా కుశలం సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, వారం వారం మా ఇంటికి వచ్చి చూస్తూనే ఉన్నారు కదా.

ఈమధ్య మీకు ప్రచారం బాగా పెరిగింది. ఫోన్ తెరిస్తే చాలు, 'సెల్ఫ్ కేర్ సండే' అంటూ ఒకమ్మాయి తెల్లటి దుప్పట్ల మధ్య నుంచి బద్ధకంగా లేచి, నిమ్మకాయ చెక్క వేసిన నీళ్లు తాగి, మొహానికి ఆకుపచ్చది ఏదో పూసుకుని, కళ్ల మీద కీరా ముక్కలు పెట్టుకుని మళ్లీ పడుకుంటుంది. ఆ కీరా ఎవరు కోశారో, ఆ తెల్ల దుప్పట్లు ఎవరు ఉతుకుతారో మాత్రం చూపించరు. సరే, మనమూ మనిషిమే కదా అని నేనూ ముల్తానీ మట్టి పట్టించాను. అది ఆరేదాకా మాట్లాడకూడదట, నవ్వకూడదట. నవ్వే పరిస్థితి ఎలాగూ లేదు కానీ, సరిగ్గా అప్పుడే కుక్కర్ కూత, వాటర్ ప్యూరిఫయర్ సర్వీసు అబ్బాయి కాలింగ్ బెల్, 'అమ్మా, నా నీలం చున్నీ ఏదీ' అని లోపలి నుంచి కేక. నోరు తెరవకుండా సైగలతోనే సంసారం నడిపాను. ఆ అబ్బాయి నన్ను చూసి ఒకడుగు వెనక్కి వేశాడు పాపం. మొహం కడుక్కున్నాక సింకు జాలీలో మట్టి అడ్డం పడింది, అది తీయడం కూడా నా పనే.

కృతజ్ఞతా డైరీ రాసుకోమని ఇంకొకరి సలహా. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు రాస్తే మనసు కుదుటపడుతుందట. రాశాను. గ్యాస్ బండ శనివారమే అయిపోయింది, ఆదివారం దాకా ఆగలేదు. ఇడ్లీ పిండి పొంగి ఫ్రిజ్‌లో కారలేదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగు జనం రాక వాయిదా పడింది. మనస్ఫూర్తిగా రాశానండీ, వెటకారం కాదు.

ఇంతకీ మీరొస్తే మా ఇంట్లో జరిగేది ఏమిటంటే, మిగతా ఆరు రోజుల్లో ఎవరికీ తీరికలేక ఆగిపోయిన పనులన్నీ మీ పేరు చెప్పి నా దగ్గరికి చేరతాయి. ఆదివారం చూద్దాంలే, ఆదివారం చేసుకుందాంలే అని అందరూ అంటారు, చూసేది చేసేది నేను. ఎలక్ట్రీషియన్ ఆ రోజే దొరుకుతాడు. వారానికి సరిపడా పిండి ఆ రోజే రుబ్బాలి. యూనిఫాంలు, దుప్పట్లు, కర్టెన్లు ఆ రోజే నానతాయి. బంధువుల్లో ఎవరిదో ఒకరిది గృహప్రవేశమో శ్రీమంతమో మిమ్మల్ని చూసుకునే ముహూర్తం పెట్టుకుంటారు. మటన్ కొట్టు దగ్గర క్యూలో నిలబడి అరకిలో తెచ్చిన మా ఆయన, యుద్ధం గెలిచొచ్చినట్టు కవరు గట్టు మీద పెట్టి పేపరు అనుబంధంలో గళ్ళ నుడికట్టు పట్టుకుంటారు. కడగడం, ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి, మసాలా నూరడం వగైరాలు పెద్ద విషయాలు కావు కాబట్టి వాటి గురించి ఎవరూ మాట్లాడరు. కార్తీకమాసంలో మీకు శాకాహారం కదా, అప్పుడైనా తేలిక అనుకుంటే గారెలు, పులిహోర. అన్నిటికంటే గొప్పది రాత్రి తొమ్మిదిన్నరకు మావాడు చెప్పే వార్త: 'అమ్మా, రేపు సౌరకుటుంబం చార్ట్ తీసుకెళ్లాలి.' ఆ టైముకి చార్టు కాగితం అమ్మే కొట్టు ఎక్కడ తెరిచి ఉంటుందో ఈ ఊళ్లో ఏ తల్లిని అడిగినా చెప్తుంది.

అప్పుడప్పుడూ మా ఆయనకు జాలి కలుగుతుంది. "ఈరోజు నువ్వు రెస్ట్ తీసుకో, బిర్యానీ తెప్పిద్దాం" అంటారు. వస్తుంది. దానికి పెరుగు పచ్చడి, కోసిన ఉల్లిపాయలు, నిమ్మకాయ బద్దలు, ప్లేట్లు, కూల్‌డ్రింకు గ్లాసులు, ఆ తర్వాత ఆ నూనె గిన్నెలు. అత్తయ్యగారు బయటి అన్నం తినరు కాబట్టి ఆవిడకు చారు, కూర. నేను రెస్ట్ తీసుకున్నట్టు రికార్డయిపోతుంది.

కోపమొచ్చి మీ జాతకం తిరగేశాను. క్రీ.శ. 321లోనే రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ మీకు సెలవు హోదా ఇచ్చాడట. పొలం పనుల వాళ్లకు మాత్రం మినహాయింపు, వాళ్లు పని చేసుకోవచ్చన్నాడు. మినహాయింపులు అప్పటి నుంచే ఉన్నాయన్నమాట. మన దేశంలో మాత్రం మీరు రాజుగారి దయతో రాలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో వారమంతా యంత్రాల ముందు నిలబెట్టే రోజుల్లో, జోతిరావు ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే మిల్లు కార్మికుల్ని కూడగట్టి, వారానికో రోజు సెలవు కావాలని ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చాడు. 1890 ఏప్రిల్‌లో జరిగిన సభకు దాదాపు 10 వేలమంది కార్మికులు వచ్చారు. అందులో ఇద్దరు ఆడకూలీలు లేచి మాట్లాడారు. ఆ ఏడాది జూన్ 10న మిల్లు యజమానులు దిగొచ్చి మిమ్మల్ని సెలవుగా ఒప్పుకున్నారు. అంటే మీకోసం గొంతెత్తిన వాళ్లలో మా ఆడవాళ్లున్నారండీ. సభ అయ్యాక ఇంటికెళ్లి పొయ్యి వెలిగించి రొట్టెలు కూడా వాళ్లే చేసుంటారు. అది చరిత్రలో లేదు, నా ఊహ. తప్పైతే సంతోషిస్తాను.

ఆ తర్వాత 1948 ఫ్యాక్టరీల చట్టంలో కూడా వారపు సెలవంటే ముందు మీ పేరే రాశారు. వంటిల్లు ఫ్యాక్టరీ కిందకి రాదు కాబట్టి అక్కడ ఇన్‌స్పెక్టరు తనిఖీకి రాడు. వచ్చినా కాఫీ పెట్టాల్సింది నేనే అనుకోండి.

ప్రభుత్వం వారు మాత్రం మా నిమిషాలు లెక్కపెడుతున్నారు. దేశంలో జనం రోజంతా దేనికెంత టైము పెడుతున్నారో తేల్చే సర్వే 2019లో ఒకటి, 2024లో ఒకటి జరిగింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు పెట్టేవాళ్లు, ఇప్పుడు 289. ఆహా, పది నిమిషాలు తగ్గింది అనుకునేలోపే పక్క గడి చూశాను. మగవాళ్లు కూడా 97 నుంచి 88కి తగ్గించుకున్నారు. ఇలాంటి విషయాల్లో వాళ్లు వెనకబడరు. మధ్యలో తేడా 202 నుంచి 201కి వచ్చింది. ఐదేళ్లకు ఒక నిమిషం! ఇదే ఊపులో వెళితే ఇంకో వెయ్యేళ్లకు సమానమైపోతాం. అప్పటిదాకా కీరా ముక్కలు.

మధ్యలో 2025 జనవరిలో ఎల్ అండ్ టి కంపెనీ ఛైర్మన్ గారు మిమ్మల్ని కూడా పనిదినం చేయలేకపోతున్నానని బాధపడి, ఇంట్లో కూర్చుని భార్యను ఎంతసేపని చూస్తూ ఉంటారు అని ఉద్యోగుల్ని అడిగిన వీడియో బయటికొచ్చింది. దేశమంతా ఆయన మీద విరుచుకుపడింది. నాకు మాత్రం ఆయన అమాయకత్వానికి నవ్వొచ్చింది. మా ఆయన నన్ను చూస్తూ కూర్చున్న ఆదివారం ఇంతవరకు రాలేదు. చూడాలంటే వంటింట్లోకి రావాలి.

మా ఆఫీసు వారి దయ వేరే రకం. ఒత్తిడి తట్టుకోవడం మీద, రెజిలియన్స్ మీద ఆన్‌లైన్ శిక్షణ పెట్టారు. ఎప్పుడు పెట్టారో చెప్పుకోండి? మీ రోజునే, ఉదయం పదిన్నరకు, హాజరు తప్పనిసరి. చెవిలో ఇయర్‌ఫోను, చేతిలో పసుపు పట్టించిన మటన్. శిక్షకుడు ఎంతో శాంతంగా "మీకోసం మీరు సమయం కేటాయించుకోండి" అంటుంటే ఆయన గొంతు మీద మిక్సీ వేశాను. పూర్వం ఇంటి పెద్దలు 'మా కోడలికి భూదేవంత ఓర్పు' అని మెచ్చుకుని ఊరుకునేవాళ్లు, ఇప్పుడు సర్టిఫికెట్ ఇస్తున్నారు. పీడీఎఫ్‌లో వచ్చింది, ఫోన్‌లో ఎక్కడో ఉంది.

బర్నవుట్ గురించి కూడా ఆ రోజే విన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని తన జాబితాలో చేర్చిందట, జబ్బుగా కాదు, ఉద్యోగంలో ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా. తర్వాత చదివి చూశాను. ఆ మాట ఉద్యోగ సందర్భానికే వాడాలి, జీవితంలో మిగతా విషయాలకు వాడకూడదని స్పష్టంగా ఉంది. కాబట్టి సోమవారం నుంచి శనివారం దాకా కౌంటర్లో నేను బర్నవుట్ అవ్వచ్చు. ఆదివారం స్టవ్ ముందు అయితే అది వట్టి అలసట, కాస్త మజ్జిగ తాగితే పోతుంది.

ఈ గొడవలో మిమ్మల్ని సరిగ్గా వాడుకుంటున్న మనిషిని నేను ఒక్కర్ని చూశాను, మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ. పనిలో చేరిన రోజే చెప్పేసింది, "అమ్మా, నెలకు రెండు ఆదివారాలు రాను, దానికి జీతం కొయ్యకూడదు" అని. అత్తయ్యగారు నసిగారు, ఆవిడ చెప్పులేసుకోబోయింది, అత్తయ్యగారు ఒప్పుకున్నారు. ఆ రోజు ఏం చేస్తావని ఓసారి అడిగాను, గుడికనో అక్కగారింటికనో చెబుతుందని.

"పడుకుంటానమ్మా."

"మరి ఇంట్లో పని?"

"ఆయన్ని చేసుకోమన్నా. ఎలా చేస్తాడో నేను లేచి చూడను."

ఏ రీల్లోనూ ఈ ముక్క ఇంత సూటిగా చెప్పలేదండీ. ఆవిడకు డైరీ లేదు, కొవ్వొత్తి లేదు. ముందే బేరం చేసుకుంది, అంతే. నాకు బ్యాంకు రెండో శనివారం, నాలుగో శనివారం సెలవిస్తుంది, దాన్ని కూడా బూజులు దులపడానికే వాడుతున్నానని ఆ రాత్రి తట్టింది.

అందుకని ఇంట్లో నోటీసు ఇచ్చాను. నెలలో మొదటి ఆదివారం కొట్టుకెళ్లడం దగ్గర్నుంచి గిన్నెలు బోర్లించడం దాకా నా చేయి పడదని. మా ఆయన ముందు నవ్వారు, తర్వాత "మరి కూర?" అన్నారు, ఆ తర్వాత యూట్యూబు తెరిచారు. నేను గది తలుపేసుకుని పక్క మీద పడి వారపత్రిక కథ చదువుతుంటే వంటింట్లో నుంచి గదికి ఫోనొచ్చింది, గరం మసాలా డబ్బా ఎక్కడుందని. చెప్పాను. మళ్లీ ఫోను, మూత ఎలా వస్తుందని. అది చెప్పలేదు. మధ్యాహ్నం రెండున్నరకు తిన్నాం. కూరలో ఉప్పు తక్కువ, కారం ధైర్యంగా ఉంది. పిల్లలు కిక్కురుమనకుండా తిన్నారు. "నా కొడుకు చేతులు కాల్చుకున్నాడు" అని అత్తయ్యగారు మర్నాడు ఊళ్లో ఆడపడుచుకు ఫోన్ చేసి చెప్పారు. నావి ఇరవై ఏళ్లుగా కాలుతున్నాయి, కానీ అది ఎస్టీడీ చేసి చెప్పాల్సిన వార్త కాదు కదా.

కథ బాగుందో లేదో చెప్పలేను, సగంలో నిద్రపట్టేసింది.

కాబట్టి తమరికి విన్నపం ఏమనగా, వచ్చే నెల మొదటి వారం మీరు వచ్చినప్పుడు దయచేసి గృహప్రవేశాలూ, చార్టులూ, ఆఫీసు శిక్షణలూ వెంటబెట్టుకుని రావద్దు. నేను లేవను. మూడో ఆదివారం కూడా అడగాలని ఉంది, కానీ ముందు కడిగిన గిన్నెల మీద మిగిలిన జిడ్డు సంగతి మా ఆయనతో తేల్చుకోవాలి.

ఇట్లు,
సోమవారం పొద్దున్నే తొమ్మిదిన్నరకు కౌంటర్లో కనబడే
మీ భవదీయురాలు