ఓడినవారి సాక్ష్యం భద్రపరచాలి

మయామీలోని లిటిల్ హవానా పేటలో, ఇళ్ల మధ్యే ఒక చిన్న మ్యూజియం ఉంది. 1961 ఏప్రిల్ 17న క్యూబాలోని బే ఆఫ్ పిగ్స్ తీరంలో దిగి, మూడు రోజుల్లోనే ఓడిపోయిన 2506 బ్రిగేడ్ (ఫిడెల్ కాస్ట్రో ప్రభుత్వాన్ని కూల్చడానికి క్యూబా ప్రవాసులతో ఏర్పడిన దళం) మాజీ సైనికులు పెట్టుకున్నది. గోడల నిండా అక్కడ చనిపోయిన తోటివారి ఫొటోలు. చూడవచ్చినవారికి ఆ కథ చెప్పేదీ ఆ పోరాటంలో తుపాకీ పట్టినవారే. బతికున్నవారంతా ఇప్పుడు ఎనభై దాటిన వృద్ధులు. ఆ మ్యూజియంలోని సాక్ష్యాన్ని భద్రపరచడానికి ఇక ఎక్కువ వ్యవధి లేదు.

ఆ దాడిని మేం సమర్థించడం లేదు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ గ్వాటెమాలాలో శిక్షణ ఇచ్చి, డబ్బూ ఓడలూ సమకూర్చి ఇంకో దేశం మీదికి పంపిన సేన అది. అది తప్పు. కానీ వెళ్లిన సుమారు 1,400 మందిలో చదువు మధ్యలో వదిలేసి వచ్చిన కుర్రాళ్లు ఎందరో. వందమందికి పైగా తిరిగి రాలేదు. పట్టుబడినవారిని గాలి చొరని ట్రక్కులో కుక్కి హవానాకు తరలిస్తుంటే, తొమ్మిదిమంది ఊపిరాడక దారిలోనే పోయారు. దాడి తప్పయినంత మాత్రాన ఈ చావులు లెక్కలోకి రాకుండా పోవు.

ఆ బ్రిగేడ్ జెండా చరిత్ర ఒక్కటి చాలు, వీళ్లకు జరిగిందేమిటో తెలియడానికి. దాదాపు 5.3 కోట్ల డాలర్ల విలువైన ఆహారం, మందులు ఇచ్చి అమెరికా వీళ్లను విడిపించుకుంది. 1962 డిసెంబర్ 29న ఆరెంజ్ బౌల్ స్టేడియంలో అధ్యక్షుడు కెన్నెడీ చేతికి వీళ్లు తమ జెండా అందించారు. స్వేచ్ఛ పొందిన హవానాలో దీన్ని తిరిగి ఇస్తామని ఆయన మాటిచ్చారు. ఆ రోజు రాలేదు. చివరికి 1976లో లాయర్‌ను పెట్టుకుని మరీ దాన్ని వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది.

అటు క్యూబాలో, ఆ దాడి జరిగిన తీరంలోని ప్లాయా హిరోన్‌లో ప్రభుత్వం నడిపే మ్యూజియం ఇదే యుద్ధాన్ని ఘనవిజయంగా చూపుతుంది. దానికి ఖజానా అండ ఉంది. మయామీలోని ఈ చిన్న మ్యూజియానికి ఉన్నది ఆ వృద్ధుల ఓపికే.

మయామీ విశ్వవిద్యాలయంలో క్యూబా ప్రవాసుల పత్రాలు భద్రపరిచే పెద్ద విభాగం ఇప్పటికే ఉంది. ఈ చిన్న మ్యూజియంలోని ఉత్తరాలు, ఫొటోలు, పత్రాల నకళ్లు అక్కడికి చేరాలి. ఒక్కొక్కరి వాంగ్మూలం ఇప్పుడే రికార్డు చేయాలి. పొగడ్తలొక్కటే కాదు, తమకు అండగా అనుకున్న రెండో విడత వైమానిక దాడి రద్దయ్యాక తీరంలో ఏమైంది, తమలో కాస్ట్రో కూలదోసిన నియంత బతిస్తా సైన్యంలో పనిచేసినవారు ఎవరు అన్న ప్రశ్నలూ అడగాలి. జవాబు చెప్పగలిగినవారు ఇంకా ఉన్నారు. ఇందుకయ్యే ఖర్చును అమెరికా ప్రభుత్వమే భరించాలి. వాళ్లను ఆ తీరానికి పంపింది అదే.