పెళ్లికి ముహూర్తం పెడతాం, వ్యాపారానికి ఎందుకు పెట్టం?

మా అనంతపురంలో నలుగురు ఒకచోట కూర్చుంటే ఒక వ్యాపారం ఐడియా పుడుతుంది. ఐడియాలకు కరువు లేదు. దాన్ని చివరిదాకా తీసుకెళ్లడంలోనే కరువంతా. నేనూ మా బావమరిదీ పెట్టిన గానుగ నూనె యూనిట్ అనుభవంతో చెప్తున్నా, కొత్తగా ఏదైనా మొదలుపెట్టబోయేవాళ్లు దయచేసి పూర్తిగా చదవండి.

ఉగాదికి అనుకున్నాం. చుట్టూ పండేది వేరుశనగే, జనం గానుగ నూనె అడుగుతున్నారు, స్థలం ఉంది. ఆలోచనలో తప్పేమీ లేదు. ఎప్పటికి అవుతుంది అని ఎవరైనా అడిగితే మాత్రం "దీపావళికల్లా అయిపోతుంది" అనేవాళ్లం. అది తేదీ కాదండీ, ఆశ. "కరెంటు సంగతేంటి" అని నేనడిగితే మా బావమరిది "చూద్దాంలే బావా, ముందు షెడ్ అవనీ" అనేవాడు, నేనూ సరే అని ఊరుకునేవాణ్ణి.

షెడ్ అయ్యాకే త్రీఫేజ్ కనెక్షన్‌కి అప్లికేషన్ పెట్టాం. స్తంభం వేయాలి, లైను లాగాలి అన్నారు, వారాలు గడిచాయి. కోయంబత్తూరు నుంచి గానుగలు వచ్చి కవర్లు కూడా విప్పకుండా మూలన కూర్చున్నాయి. ఫుడ్ లైసెన్స్ నంబరు రాకముందే లేబుళ్లు అచ్చు వేయించాం, నంబరు లేని లేబుల్ సీసాకు అంటించడానికి లేదు, ఆ డబ్బు పోయింది. ఇన్వర్టర్ దగ్గర నుంచి సీసాల మూతల దాకా ప్రతిదానికీ "నువ్వు అడిగావనుకున్నా", "లేదు, నువ్వు అడుగుతావనుకున్నా". చివరికి మొదటి గింజ గానుగలో పడింది ఫిబ్రవరిలో.

నాలుగు నెలలు లేటయితే ఏమవుతుంది అంటారా? మా దగ్గర ఖరీఫ్ బుడ్డలు, అంటే వేరుశనగ కాయలు, అక్టోబర్, నవంబర్‌లలో పీకుతారు. రైతుకు అప్పులుంటాయి, ఎక్కువ రోజులు ఇంట్లో పెట్టుకోలేడు. ఆ రెండు నెలల్లో రైతు దగ్గరే కొని, ఎండబెట్టి, దాచుకోవాలి. లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల గింజలు కావాలి, అంటే రోజుకు 40 లీటర్లు తీయాలంటే 100 కిలోలు, నెలకు 25 రోజులు ఆడించినా 25 క్వింటాళ్లు. ఫిబ్రవరికి సరుకంతా వ్యాపారుల గోడౌన్లలో ఉంది, వాళ్లు చెప్పిందే రేటు. పైగా చేతిలో ఉన్నదంతా షెడ్డుకీ మిషన్లకీ పెట్టేశాం, గింజలు కొనడానికి మళ్లీ అప్పు.

ఇక్కడే సబ్సిడీ గురించి ఒక మాట. చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు ఇస్తారు, మంచి పథకమే. కానీ ఆ డబ్బు మన చేతికి రాదు. బ్యాంకులోనే ఉండి, మూడేళ్లు లోను సరిగ్గా కట్టి యూనిట్ నడుస్తుంటే అప్పుడు మన లోను లెక్కలో కలుస్తుంది. దాంతో సరుకు కొందామని ప్లాన్ వేసుకున్నవాళ్లను ఎంతమందిని చూశానో!

నాకు నిజంగా బాధ కలిగేది ఏంటంటే, మనకు ఈ పని చేతకాక కాదు. ఆడపిల్ల పెళ్లి చేయని ఇల్లుందా? ముందు ముహూర్తం పెడతాం. అక్కడి నుంచి వెనక్కి లెక్కేస్తాం, పత్రికలు ఎప్పటికి పంచాలి, అంతకు ముందు ఎప్పుడు అచ్చుకివ్వాలి, మండపం ఎప్పుడు మాట్లాడాలి అని. పందిరి చిన్నాన్నది, వంటవాళ్లు మేనమామ బాధ్యత, ఎవరి పని వాళ్లది. తాళి కట్టే రోజు వచ్చేసరికి ఎలాగో అన్నీ సిద్ధంగా ఉంటాయి. అదే మనుషులు, అదే బుర్రలు. వ్యాపారం దగ్గరికొచ్చేసరికి "ఒక్కొక్కటీ చూసుకుందాంలే" అంటాం, అక్కడే కొంప మునుగుతుంది.

కొంకణ్ రైల్వే కట్టేటప్పుడు ఆ పని నడిపించిన ఇంజనీరు శ్రీధరన్ గారు ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూపించే గడియారాలు పెట్టించారు. కొండలూ సొరంగాలూ దాటుకుంటూ 700 కిలోమీటర్లకు పైగా లైను, 1990లో మొదలై 1998లో పూర్తయింది. అంత పెద్ద పనికే రోజులు లెక్కపెట్టుకుంటే, రెండు గానుగలకు మేం ఒక క్యాలెండర్ మీద కూడా రాసుకోలేదు.

ఇప్పుడు మా పిన్నమ్మ కొడుకు తాడిపత్రి దగ్గర ఇలాంటి యూనిట్ పెడతానని వచ్చాడు. ముందు కొటేషన్లు చూపించబోయాడు, పక్కన పెట్టమన్నాను. గోడ క్యాలెండర్ తీసి నవంబర్ 10 చుట్టూ గీశాం, ఆ రోజు గింజ పడాలి. అక్కడి నుంచి వెనక్కి: వారం ముందు ట్రయల్, దానికి ముందు కరెంటు, దానికి ముందు లైసెన్స్. ప్రతి పని పక్కన ఒక్కరి పేరే, ఇద్దరి పేర్లు రాయనివ్వలేదు. గింజలు కొనే డబ్బు వేరే ఖాతాలో వేసి, షెడ్డుకు ఎంత తక్కువ పడ్డా దాన్ని ముట్టుకోనని వాళ్లమ్మ ముందు మాట తీసుకున్నా. లెక్కేసి చూస్తే కరెంటు అప్లికేషన్ షెడ్ పునాది కంటే ముందే పడాలని తేలింది. "అన్నా, ఇంకా మట్టి కూడా తవ్వలేదు కదా" అన్నాడు. అయినా సోమవారం పొద్దున్నే కరెంటాఫీసుకు వెళ్తున్నాడు, నేనూ తోడు వెళ్తున్నా.