ఫిన్లాండ్ వేలు, నల్లగొండ వేలిముద్ర

మతిమరుపు జబ్బు, అదే డిమెన్షియా, రాకుండా ఏం చేయాలో తేల్చుకుందామని ఫిన్లాండ్ వాళ్లు 2009లో ఒక పరిశోధన మొదలుపెట్టి, దానికి ఫింగర్ అని పేరు పెట్టారు. 60 నుంచి 77 ఏళ్ల మధ్యవాళ్లను 1260 మందిని పట్టుకున్నారు. సగం మందికి రెండేళ్లపాటు ఏం తినాలో నేర్పి, కసరత్తు చేయించి, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మెదడుకు పని పెట్టి, బీపీ, షుగర్ చూస్తూ వచ్చారు. మిగతా సగానికి మామూలు సలహాలు చెప్పి పంపారు. 2015లో ఫలితాలు చూస్తే జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో రెండు జట్లూ మెరుగయ్యాయి. కష్టపడ్డ జట్టు ఇంకో పాతిక శాతం ఎక్కువ మెరుగైంది. అప్పటినుంచి దేశదేశాలు ఆ వేలు పట్టుకుని నడుస్తున్నాయి.

మా నల్లగొండలో పెద్దమనుషులకు వేలు అంటే వేలిముద్ర. పింఛనుకు ఏళ్లతరబడి వేలే పెట్టారు, బియ్యానికీ వేలే. మా పెద్దనాయినకు 74 ఏళ్లు. నాగలి, పార, గడ్డపార పట్టీ పట్టీ బొటనవేలి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. రేషన్ షాపులో మిషన్ ఆయన్ని గుర్తుపట్టదు. నిజానికి ఇక్కడ మతిమరుపు మిషన్‌ది, వైద్యం మాత్రం మనిషికి. వేలు లుంగీకి తుడుస్తాడు, నెత్తికి రాసి కాస్త నూనె అంటిస్తాడు, ఉఫ్ అని ఊది పెడతాడు. కుయ్‌మంటుంది. పదివేళ్లూ వరసగా పెట్టి చూడాలి. అందుకని ఏ నెల ఏ వేలు పడ్డదో ఆయన నోటికి పెట్టుకున్నాడు. “పోయిన నెల ఎడమచెయ్యి నడిమి వేలు. అంతకుముందు కుడిచెయ్యి చిటికెన వేలు” అని గడగడా అప్పజెప్తాడు. ఫిన్లాండ్ వాళ్లు ఇంతపనికి కంప్యూటర్లు పెట్టారు పాపం.

ఏ వేలూ పడకపోతే ఓటీపీ. కార్డుకు ఎక్కించిన నంబరు హయత్‌నగర్‌లో ఉన్న కొడుకుది. వాడు మీటింగ్‌లోంచి బయటికొచ్చి గుసగుసగా అంకెలు చెప్తాడు.

“ఏడు... ఏడు... రెండు...”

“ఎందుకు ఏడ్వాలెరా? ఏమైంది? కోడలు మంచిగున్నదా?”

ఈలోగా ఓటీపీ టైమ్ అయిపోతుంది. వెనక లైన్‌లో ఉన్నవాళ్లు మాత్రం ఏడుస్తారు.

లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పినదాని ప్రకారం డిమెన్షియాకు దారితీసేవాటిలో మనం సరిచేసుకోగలిగినవి 14 ఉన్నాయి. అన్నిటినీ సరిచేస్తే నూటికి 45 కేసులను ఆపడమో, వెనక్కి నెట్టడమో కుదరవచ్చట. అందులో వినికిడి తగ్గడం ఒకటి. దీనికి మా ఇంట్లో ఉన్న వైద్యం చాలా సులువు: చెప్పడం మానేయడం. పొలం అమ్మిన సంగతి, మనవరాలికి సంబంధం కుదిరిన సంగతి ఆయనకు చివర తెలుస్తాయి. “తాతకు ఇనపడదులే” అని ఆయన ముందే, ఆయనకు వినపడేంత గట్టిగా అనుకుంటారు. చెవి మిషన్ లేదా అంటే ఉంది. కొడుకు పోయినేడు వేలు పోసి కొన్నాడు. పోతుందేమోనని పెద్దమ్మ దాన్ని బంగారం షాపు వాళ్లిచ్చిన ఎర్ర సంచిలో పెట్టి బీరువాలో దాచింది. పెళ్లిళ్లకు మాత్రం తీస్తుంది. పెళ్లిలో డీజే మొదలవగానే పెద్దనాయిన పీకి జేబులో వేసుకుంటాడు. అలా ఏడాదిలో ఆ మిషన్ విన్నవి మూడు డీజేలు.

మిగతా పదమూడింటి గురించి జిల్లాకు బెంగ అక్కర్లేదు. తలకు దెబ్బ తగలకూడదన్నారు; మనవాళ్లు హెల్మెట్‌ను సాగర్ రోడ్డు మీద బైకు పెట్రోల్ ట్యాంకుకు తొడిగి, ట్యాంకును భద్రంగా కాపాడుతున్నారు. నడవమన్నారు, తెల్లారి కాలేజీ గ్రౌండ్‌లో రెండు రౌండ్లు కొట్టి, మూడోది మిర్చిబజ్జి బండి దాకా కొడుతున్నాం. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, పొగ, మందు అని విడివిడిగా రాయడం దేనికి, మా చిన్నాయిన ఫొటో ఒకటి వేస్తే సరిపోయేది.

ఒంటరితనం కూడా ఆ పట్టీలో ఉంది. ఫింగర్ బాటలోనే అమెరికాలో 2111 మందితో చేసిన పాయింటర్ పరిశోధన 2025లో బయటికొచ్చింది. ఒక జట్టుకు రెండేళ్లలో 38 మీటింగులు, ఇంకో జట్టుకు 6. ఇద్దరూ బాగుపడ్డారు, 38 వాళ్లు కొంచెం ఎక్కువ. మా ఊళ్లో వేపచెట్టు గద్దె మీద పులిమేక ఆటకు రోజుకు రెండు మీటింగులు జరిగేవి. గద్దె ఇప్పటికీ ఉంది, టైల్స్ వేయించారు. నలుగురు కూర్చుని నాలుగు ఫోన్లలో నాలుగు రీల్స్ చూస్తారు.

అట్లని ఆ కాలం బంగారం అనకండి. పట్టీలో చదువు లేకపోవడం కూడా ఉంది. మా పెద్దమ్మకు పలక కొనివ్వని కాలం అదే. ఆ కాలం బీడీకట్టలో ఏ ఔషధమూ లేదు.

ఆ మాటకొస్తే హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూశారు. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఈ జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో అచ్చేశారు. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. ఇది విని నాకు నారాయణపేటలోని మా మేనత్త గుర్తొచ్చింది. మాతో తెలుగు, కోడలితో కన్నడం, చీరల కొట్టులో మరాఠీ, గాజులాయనతో ఉర్దూ. ఇంగ్లిష్ మీడియం మనవడు మాత్రం “నానమ్మా, ఒక్క భాషైనా సరిగ్గా మాట్లాడు” అంటాడు. ముసలితనంలో ఒక్కతే ఎందుకని ఆమెను హైదరాబాద్‌కు తీసుకొచ్చి ఎనిమిదో అంతస్తులో పెట్టారు. పొద్దున తొమ్మిదికి అందరూ వెళ్లిపోతారు. ఇప్పుడామె నాలుగు భాషల్లోనూ మౌనంగా ఉంటుంది.

మొన్న ఒకటో తారీఖు దాటాక పెద్దనాయిన బియ్యం తెచ్చుకుని, సంచి అరుగు మీద దించాడు. “ఈ నెల ఏ వేలు పడ్డది?” అని చెవి దగ్గర నోరుపెట్టి అడిగాను. రెండు చేతులూ ముందుకు చాపుకుని, అటు తిప్పీ ఇటు తిప్పీ కాసేపు చూసుకున్నాడు.

“డీలర్‌ను అడుగుపో” అన్నాడు.